చక్రం మీద తెల్ల చుక్క

చిక్కడపల్లి,
జూన్ నెల

మాసయ్య బావకు పీరయ్య రాసుకున్నది.

మేం బాగున్నాం. అక్కను అడిగినట్టు చెప్పు. ఫోన్‌లో నువ్వు మాట్లాడతావు, నేను ఊ అంటాను. అందుకే కాగితం పట్టాను.

నా చేతికి ఒక కెమెరా వచ్చింది. నారాయణగూడలో నేను పనిచేసిన స్టూడియో కిషన్ రావు సారు పోయిన సంగతి నీకు తెలుసు. ఆయన బిడ్డ నళినమ్మ అశోక్ నగర్‌లో ఉంటుంది. ఇల్లు సర్దుతుంటే సారు పాత లెన్సు దొరికిందట. పొడుగుది, సొరకాయంత. దాన్ని తను వాడి పక్కన పెట్టిన డిజిటల్ కెమెరాకు, రెండూ అతికేట్టు మధ్యలో కడియం లాంటిది ఒకటి వేసి బిగించి ఇచ్చింది. "నాయిన నీతోని లైట్లు పట్టించిండు గాని ఒక్క ఫొటో తియ్యనియ్యలే. ఇగ నువ్వు తియ్యి పీరయ్యా" అంది. తీసుకుని వచ్చేశాను.

ముషీరాబాద్ మాంసం దుకాణాల వైపు నుంచి గద్దలు వచ్చి మా మిద్దె మీద తిరుగుతాయి. వాటిని తీద్దామని మీట నొక్కాను. కెమెరా పలకలేదు. తెర మీద ఏదో రాత వచ్చింది. మనవరాలు తేజస్వి చదివింది. "లెన్స్ లేదు అంటున్నది తాతా" అంది.

లెన్సు ఉంది బావా. బరువుకు నా ఎడమ చెయ్యి గుంజుతోంది. ఊడదీసి మళ్లీ పెట్టాను. లేదంది. తుడిచి పెట్టాను. లేదంది. చేతిలో ఉన్నదాన్ని లేదంటే ఏం చెయ్యాలి? మా ఇంటామె నర్సింహమ్మ చూసి, "కొత్తది గదా, పాతోళ్లను ఏడ గుర్తువడ్తది" అని లోపలికి పోయింది.

మర్నాడు అశోక్ నగర్ పోయాను. నళినమ్మ నవ్వింది. పాత లెన్సుకూ కొత్త కెమెరాకూ మధ్య మాటలుండవట. లెన్సు లేకున్నా ఫొటో తియ్యమని కెమెరాకు ముందే చెప్పి పెట్టాలట. చెప్పి పెట్టింది. ఇప్పుడు తీస్తోంది. కానీ అది ఏ సాయమూ చెయ్యదు. వెనక తెర ఎండలో నల్లబడిపోతుంది కాబట్టి, దాని పైన చూడ్డానికి ఉన్న చిన్న గూట్లో కన్ను పెట్టాలి. బొమ్మ తేటపడే దాకా లెన్సు ఉంగరం చేత్తో తిప్పుకోవాలి. గద్ద ఆగదు. నేను తిప్పేలోపు రాంనగర్ దాటిపోతుంది.

నవ్వుకుంటావని రాశాను.

పీరయ్య

•

ఎర్రకుంటపల్లి,
వాన ఇంకా పడలేదు

బామ్మర్ది పీరయ్యకు మాసయ్య రాసేది.

ఉత్తరం అందింది. మీ అక్కకు వినిపించిన. "నా తమ్ముడు ఇన్ని మాటలు రాసిండా?" అని మళ్లొకసారి చదవమన్నది. రెండోసారి మా కోడలు మనీష చదివింది. నాకు బయట పని ఉండె.

నీకు గద్దలెందుకయ్యా? ఇక్కడ నాకు తోడేలు ఉన్నది. వాగు అవతలి గుట్ట దిగి వస్తున్నది. మొన్న ఒక గొర్రెపిల్లను ఎత్తుకపోయింది. నేను చూసిన. మా రాము ఏమంటడో తెలుసా? "తోడేలు కాదు నాయినా, ఊరకుక్కలు. నీకు తేడా తెలుస్తలేదు." పాలు మరిచిన కాడి నుంచి గొర్రెల ఎనక తిరిగినోన్ని నేను. నాకు తోడేలు తెలవదట.

అసలు సంగతి వేరే. వాడు మందను అమ్ముదామని చూస్తున్నడు. సంతల బేరగాండ్లతోని మాట్లాడి వచ్చిండు కూడా. "నీకు చూపు ఆనుత లేదు, ఇంట్ల కూసో" అంటడు. ఇంట్ల కూసోని ఏం చెయ్యాలె? మీ అక్కతోని కొట్లాడాలె, అంతేనా?

వానితోని పందెం కట్టిన. తోడేలు ఫొటో తీసి చూపిస్తే మంద ఉంటది. లేకుంటే అమ్ముకొమ్మన్న. కాబట్టి ఆ కెమెరా అచ్చంపేట బస్సుల వేసి పంపు. ఒక నెల నా దగ్గర, ఒక నెల నీ దగ్గర. గద్దలు ఎక్కడికి పోవు.

మన మోతీ మెడకు మీ అక్క పచ్చ రవికె గుడ్డ కట్టింది. తోడేలనుకొని ఎవరన్న కట్టె విసిరేస్తరట! కుక్క మీద ఎవరు విసురుతరు? ఆడోళ్లకు అన్నీ అనుమానాలే.

మాసయ్య

•

చిక్కడపల్లి,
జూలై

బావా,

కెమెరా పంపుతున్నాను. తువ్వాలలో చుట్టాను. గూట్లో కన్ను పెట్టు. ఉంగరం మెల్లగా తిప్పు. తేటగా కనిపించగానే ఊపిరి బిగబట్టి నొక్కు. లెన్సు లేదని అంటే పట్టించుకోకు.

ఫొటోలు నేను నారాయణగూడలో కడిగిస్తాను. ఇప్పుడు కడగరట, అచ్చు వేస్తారట. నాకు ఆ మాటే నోట్లో ఉండిపోయింది.

జాగ్రత్త. సారు లెన్సు.

పీరయ్య

•

ఎర్రకుంటపల్లి,
జూలై ఆఖరు

పీరయ్యకు,

కెమెరా తిరిగి పంపుతున్న. నీదేం కెమెరా బామ్మర్ది! కన్ను పెట్టంగనే అంత మంచు. నువ్వు చెప్పిన ఉంగరం ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పిన. మంచే. ఇగ ఏదేది తిరుగుతదో అదంతా తిప్పిన. జర తేరింది. నువ్వు పంపేటప్పుడు సరిగ చూసుకోలేదా?

తోడేలు వచ్చింది. వాగు గట్టు మీద నిలబడి నా దిక్కే చూసింది. నొక్కిన. అచ్చు వేయించి పంపు. రాము రోజూ అడుగుతున్నడు, "నాయినా, నీ తోడేలు ఫొటో దిగిందా, తల దువ్వుకున్నదా?" అని. వాని పెండ్లాం ముందర.

చెయ్యి నొస్తున్నది. ఇది మనీషతోని రాయిస్తున్న.

మాసయ్య

(మామయ్య చెయ్యి బాగానే ఉంది చిన్నమామయ్యా. పొద్దున కట్టెలు కొట్టిండు. ఈ ముక్క నేను రాసినట్టు చెప్పకండి. – మనీష)

•

చిక్కడపల్లి,
ఆగస్టు

మాసయ్య బావకు,

నాకేమీ అర్థం కావడం లేదు.

నీ ఫొటోలు నారాయణగూడ తీసుకుపోయాను. దుకాణంలో అబ్బాయి తెర మీద వేసి చూపించాడు. "ఏంది తాతా, పొగల తీసిన్రా?" అన్నాడు. మట్టి రంగు ఉంది, ఆకుపచ్చ ఉంది, మధ్యలో గోధుమరంగు మరక ఉంది. మరకకు కాళ్లున్నట్టే ఉన్నాయి. అది తోడేలో, బండరాయో, గోనెసంచో నేను చెప్పలేను.

సరేనని మిద్దె ఎక్కాను. కన్ను పెడితే నాకూ మంచే. మునుపు ఇట్లా లేదు. గద్ద ముక్కు కూడా కనిపించేది. ఇప్పుడు గద్దే కనిపించడం లేదు, ఆకాశంలో ఏదో కదులుతోంది, అంతే.

అడగడానికి మొహమాటంగా ఉంది బావా. కెమెరా ఎక్కడైనా కింద పడిందా? పడితే పడింది, నేనేమీ అనుకోను. తెలిస్తే చాలు.

తర్వాత ఒకటి జరిగింది. కన్ను పెట్టే గూడు మీద ఊపిరి ఊది, మెత్తటి గుడ్డతో అంచులన్నీ గట్టిగా తుడిచాను. మంచు పోయింది! నీ చెమట అంటి ఉంటుంది. అంతే అయి ఉంటుంది. ఆ గుడ్డ కూడా సంచిలో పెట్టి పంపుతున్నాను. మంచు వస్తే గట్టిగా తుడువు.

నా కళ్లు బాగానే ఉన్నాయి.

పీరయ్య

•

ఎర్రకుంటపల్లి,
సెప్టెంబర్

బామ్మర్దికి,

పడ్డదా అని అడుగుతవా? చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్న. మీ అక్కను అడుగు. "నన్నెప్పుడన్న ఇట్ల చూసుకున్నడా" అని అలిగింది. నా చెమట అంటవా? నీ గద్దల గాలి కాదా?

(ఇక్కడ మామయ్య ఒక తిట్టు చెప్పిండు. నేను రాయలేదు. – మనీష)

మళ్ల మంచే వచ్చింది. నీ గుడ్డ పెట్టి తుడిచిన. తుడిస్తే కొంత పోయింది, కొంత ఉన్నది. మళ్ల తుడిస్తే ఎక్కువైంది. మళ్ల తుడిస్తే తగ్గింది. ఇదేం రోగమో నాకు సమజైతలేదు. పొద్దుగాల ఒక తీరు, పగటీలి ఒక తీరు. వానలకు లెన్సు లోపట బూజు పట్టిందేమో. స్టూడియోల ఉన్నోనివి, నీకు తెల్వాలె.

తోడేలు ఇంకొకసారి వచ్చింది. నొక్కిన. ఈసారి పక్కా. రాము మాత్రం బేరగాన్ని ఇంటికే తోలుకొచ్చిండు. వాడు గొర్రెల నోర్లు తెరిచి పండ్లు చూసుడు మొదలువెట్టిండు. "దసరా అయినంక మాట్లాడుదాం" అని వెళ్లగొట్టిన. ఫొటో జల్దీ చూడు.

మనీషా, కిందిది రాయకు. వానికి ఒకసారి కండ్లు చూపించుకొమ్మని చెప్పాలె గాని, బాధపడతడేమో.

(రాయకు అన్నదే రాసేశాను. నాకు మధ్యలో ఆపడం రాదు. – మనీష)

మాసయ్య

•

చిక్కడపల్లి,
సెప్టెంబర్ చివర

బావా,

ఈసారి ఎంత తుడిచినా మంచు పోలేదు. నీ ఫొటోలు మళ్లీ పొగే. నిజం చెబుతున్నాను, నాకు భయం వేసింది. కళ్లు బాగానే ఉన్నాయని పోయిన ఉత్తరంలో ఊరికే రాశాను. లోపల అనుమానమే. నర్సింహమ్మకు చెప్పలేదు. అన్నంలో రాయి ఏరుతుంటే కనిపిస్తోందా లేదా అని నన్ను నేనే చూసుకుంటున్నాను. కనిపిస్తోంది. మరి గూట్లో ఎందుకు కనిపించదు?

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర అద్దాల దుకాణం ఉంది. రెండుసార్లు గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చాను. మూడోసారి లోపలికి పోయాను. గోడ మీది అక్షరాలు చదివించారు. అన్నీ చదివాను. "ఇవే అద్దాలు చాలు పెద్దాయనా" అన్నారు. అప్పుడు ఇంకా అయోమయం. కన్ను బాగుంది. లెన్సు ఎండకు పట్టి చూస్తే గాజు నీళ్లలా ఉంది, బూజు లేదు. కెమెరా పనిచేస్తోంది. అన్నీ బాగుంటే మంచు ఎక్కడిది?

నళినమ్మ దగ్గరికి పోయాను. కెమెరా కన్నుకు పెట్టుకుని, "గూట్ల అంచుకు అంకెలు ఉంటయి గదా, అవి సాఫ్‌గ ఉన్నయా?" అని అడిగింది. అవీ మంచులోనే ఉన్నాయన్నాను. "అంకెలు లెన్సులకెల్లి రావు పీరయ్యా, కెమెరాలనే ఉంటయి. అవి మసకైతే లెన్సుది తప్పు కాదు" అంది. గూడు పక్కన వేలి గోరంత చక్రం ఉంది. అది తిప్పింది. మంచు పోయింది.

బావా, ఆ చక్రం చూసేవాళ్ల కంటికి తగినట్టు తిప్పుకోవడానికట. మన అద్దాల నెంబరు లాంటిది. నువ్వు ఏదేది తిరుగుతదో అదంతా తిప్పినప్పుడు అది నీ కంటికి తిరిగింది. నాకు మంచు వచ్చింది. నేను గుడ్డతో అంచులు తుడిచినప్పుడు, తెలియకుండానే నా కంటికి తిరిగింది. నీకు మంచు వచ్చింది. ఇద్దరం ఒకరి చూపు ఒకరు చెడగొట్టుకుంటూ, నెల నెలా బస్సులో పంపుకున్నాం.

మెట్లు దిగుతుంటే నవ్వొచ్చింది. అశోక్ నగర్ రోడ్డు మీద ఒక్కణ్నే నవ్వుకుంటూ పోతుంటే కూరగాయలామె బండి జరుపుకుంది.

తేజస్వి గోళ్ల రంగుతో నా చోట ఎర్ర చుక్క పెట్టింది. తెల్ల రంగు సీసా సంచిలో ఉంది. అంకెలు తేటపడే దాకా చక్రం తిప్పు. అక్కడ మనీషతో తెల్ల చుక్క పెట్టించు. ఇక నుంచి ఎవరి చుక్కకు వాళ్లు తిప్పుకుందాం.

పీరయ్య

•

ఎర్రకుంటపల్లి,
దసరా దాటింది

పీరయ్యకు,

తెల్ల చుక్క పెట్టించిన. అంత సాఫ్‌గ కనబడ్డది. అంకెలు, గట్టు, తోడేలు, అన్నీ. మస్తు ఫొటోలు తీసిన.

వచ్చే వారం రాము పని మీద పట్నం వస్తున్నడు. అచ్చు వేయించి వాని చేతికే ఇయ్యి. బేరగానికి అదే దినం మాట చెప్తడట.

ఇంకేం లేదు.

మాసయ్య

(మామయ్య ఇంత తక్కువ ఎప్పుడూ చెప్పలేదు. – మనీష)

•

చిక్కడపల్లి,
అక్టోబర్

బావా,

ఈ ఉత్తరం మనీషకు ఇవ్వకు. నువ్వే చదువు. అందుకే అక్షరాలు ఇంతింత పెద్దవి రాశాను. కాగితాలు చాలా పట్టాయి. నర్సింహమ్మ "పెండ్లి పత్రిక రాస్తున్నవా?" అంది.

కెమెరా రాగానే చక్రం చూశాను. నీ తెల్ల చుక్క చిట్టచివర ఉంది. అక్కడి నుంచి అది ఇంకా తిరగదు. నువ్వు తేటపడి ఆగలేదు బావా. తిరగడం ఆగిపోయి ఆగావు.

ఫొటోలు చూశాను. అన్నీ పొగ. ఒక్కటి మాత్రం తేటగా పడింది. నువ్వు తిప్పిన ఉంగరం ఏదో ఒక దూరానికి ఆగింది, నీ తోడేలు సరిగ్గా ఆ దూరంలోకే వచ్చి నిలబడింది. వాగు గట్టు, గడ్డిపోచలు, వెంట్రుకలు, అన్నీ ఉన్నాయి. మెడకు పచ్చ గుడ్డ ఉంది. అక్క కట్టిన ముడి కూడా కనిపిస్తోంది. తోక మాత్రం మసక. ఊపుతున్నట్టుంది, నిన్ను చూసి.

దుకాణంలో అబ్బాయి "మంచి కుక్క తాతా" అన్నాడు. నేను ఫొటోను కవరులో పెట్టుకుని వచ్చేశాను. ఏం చెయ్యాలో తెలియక ఇందిరా పార్కులో కూర్చున్నాను.

రాము వచ్చాడు. "మామా, తోడేలు పడ్డదా?" అన్నాడు. నాకు అబద్ధం చేతకాదు, నిజం నోటికి రాలేదు. "లెన్సు బాగలేదురా. బాగు చేయించాలె. మీ నాయినను పంపు, కెమెరా ఇద్దరిది గదా" అన్నాను.

"మరి మంద?" అన్నాడు.

"లెన్సు బాగయిందాక ఆగు" అన్నాను. "నేను ఎప్పుడన్న నిన్నేమన్న అడిగిన్నా?" అని కూడా అన్నాను. వాడు నా ముఖం చూసి, సరే మామా అని చాయ్ తాగి పోయాడు.

నువ్వు రా. ఇక్కడ కళ్ల దవాఖానలో నేను పక్కన కూర్చుంటాను. ఒక్కడివే పోవడానికి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, అద్దాల దుకాణం గుమ్మం దాకా పోయి వచ్చినవాణ్ని. శుక్లమైతే తీసేస్తారు. ఏదైనా, చూపించుకుంటే గదా తెలిసేది. ఫొటో ఎవరికీ చూపించను.

పీరయ్య

•

ఎర్రకుంటపల్లి

చదివిన. నేనే చదివిన. రెండు దినాలు పట్టింది.

వస్తున్న. లెన్సు బాగు చేయిస్తందుకు పోతున్ననని మీ అక్కకు చెప్పిన. "ఏ కంటిది?" అన్నది. మోతీ మీద కట్టె విసిరింది నేనేనట. మీ అక్కకు ముందే తెలుసు.

మాసయ్య

•

ఎర్రకుంటపల్లి,
డిసెంబర్

బామ్మర్ది పీరయ్యకు మాసయ్య తన చేతితోని రాసేది.

మనీష పక్కన కూసోని తప్పులు పడుతున్నది. నేను వినుడు బంద్ చేసిన.

దవాఖానల డాక్టరమ్మ పాతది తీసి కంట్ల కొత్త లెన్సు పెట్టినమన్నప్పుడు, నీ కెమెరానే యాదికొచ్చింది. పెట్టినంక కూడ కన్ను లెన్స్ లేదంటదేమోనని పట్టీ విప్పేదాక పరేషానే. విప్పంగనే నీ మొకం కనబడ్డది. ఇంత ముసలోనివి ఎప్పుడైనవయ్యా? నాకు చెప్పనే లేదు.

మీ మిద్దె మీద నా తెల్ల చుక్కను గీకేసి కొత్తది పెట్టినం గదా, నీ ఎర్ర దానికి ఆనుకొని. అది మీ అక్కకు చెప్తే, "ఇగ గుడ్డ పెట్టి తుడువకున్రి" అన్నది.

మోతీ ఫొటో నువ్వు దాచిపెట్టినవు గాని, నేనే రాముకు చూపించిన. మొదలు పడి పడి నవ్విండు. మళ్ల నవ్వు ఆపి, "ఎప్పటి నుంచి నాయినా?" అని అడిగిండు. "మోతీని అడుగు, దానికి తెలుసు" అన్న. మందను అమ్ముతననీ అనలే, ఉంచుతననీ అనలే. అన్నం తిని పండుకున్నడు.

నిన్న పొద్దుగాల మందతోని వాగు కాడ ఉన్న. రాము కూడ వచ్చిండు, ఎందుకొచ్చిండో చెప్పలే. అవతలి గట్టు మీద ఒకటి నిలబడ్డది. సన్నటిది, కాళ్లు పొడుగు, తోక కిందికి. మోతీ నా కాళ్ల కాడనే ఉన్నది, పచ్చ గుడ్డతోని. కెమెరా నీ దగ్గర ఉన్నది.

రాము కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసిండు. శానసేపు చూసిండు.

"నాయినా, కుక్కనా? తోడేలా?" అన్నడు.

చెప్పిన.

వాడు ఫొటో అడగలే. మందను మళ్లేసేతందుకు ఉరికిండు.

మాసయ్య